ఝాన్సీలక్ష్మి సారీ చెప్పలేదు

ఝాన్సీలక్ష్మికి ముక్కు మీద కోపం. ఆ కోపాన్ని భరించడానికి ఇంట్లో భర్త ఉన్నాడు, పనిలో తోటివాళ్ళున్నారు, ఒకప్పుడు ఒంగోలు ప్రభుత్వాసుపత్రిలో సర్జికల్ వార్డు వార్డంతా ఉండేది. పరీక్ష పెట్టే కంప్యూటర్‌కి మాత్రం ఆ బాధ లేదు. అదొక ప్రశ్న వేస్తుంది, నాలుగు జవాబులు చూపిస్తుంది, ఒకటి నొక్కమంటుంది. నొక్కాక వెనక్కి వెళ్ళనివ్వదు. "ఎవరయ్యా ఈ ప్రశ్న రాసింది, ఇటు రా" అని నిలదీద్దామంటే అవతల మనిషే ఉండడు. మొదటిసారి ప్రాక్టికల్ నర్సు లైసెన్సు పరీక్ష తప్పినప్పుడు ఆమెకి ఒళ్ళు మండింది ఇందుకే. తప్పితే తప్పింది, పోట్లాడే అవకాశమన్నా ఇవ్వకపోతే ఎలా?

ఆమె పేరు పెట్టింది తండ్రి. లారీ మెకానిక్కు. ముగ్గురు మగపిల్లల తర్వాత పుట్టిన ఆడపిల్లకి ఆ పేరు పెట్టి, దానికి తగ్గట్టే పెంచి, పెళ్ళి చేసి పంపాక అల్లుడిని చూసి నవ్వుకునేవాడట. గుంటూరులో నర్సింగు చదివి, ఒంగోల్లో పద్నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసింది ఝాన్సీ. వార్డులోకి ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే బయట బీడీ కాల్చే అటెండర్లు గోడ చాటుకి జరిగేవాళ్ళు. తాగొచ్చి గొడవ చేసే పేషెంటు తాలూకు మనుషుల్ని మెడ పట్టి మెట్ల దాకా దించిన రోజులున్నాయి. డాక్టర్లు కూడా ఆమెతో కాస్త చూసుకుని మాట్లాడేవారు.

భర్త అనంత్‌కి పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, రావడంతో కెనడా వచ్చి ఎటోబికోలో కాపురం పెట్టారు. అనంత్ ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో సూపర్‌వైజరు, నెమ్మదైన మనిషి. కూతురు ఇషితకి పదిహేనేళ్ళు. తల్లి తెలుగులో తిడితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఇక ఝాన్సీ సంగతి. ఆమె చదువుని ఈ దేశం వాళ్ళు తూచి, కొలిచి, ఇది చాలదు అది తక్కువైంది అని మళ్ళీ కోర్సులు చేయించి, పరీక్ష రాయడానికి ఒప్పుకునేసరికి ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఖాళీగా కూర్చోలేక ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పీఎస్‌డబ్ల్యూగా, అంటే నర్సుల కింద సహాయకురాలిగా చేరింది. ముసలివాళ్ళకి స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం, ఒత్తిగిలించడం ఆ పని. పనిలో ఆమెకేమీ చిన్నతనం అనిపించలేదు. చిన్నతనమనిపించింది ఇంకొకచోట. చేరిన వారంలోనే ఒక పెద్దాయన "నర్స్" అని పిలిస్తే అలవాటు కొద్దీ పలికింది. పక్కనున్న సూపర్‌వైజరు నవ్వుతూనే సరిదిద్దింది, ఈమె నర్సు కాదు అని. ఇక్కడ లైసెన్సు లేనివాళ్ళు ఆ మాట వాడుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఝాన్సీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, ఆ వెంటనే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నందుకు తనమీద తనే విసుక్కుంది. ఎలాగైనా ఆ మాట మళ్ళీ సంపాదించుకుని తీరాలని అప్పుడే అనుకుంది.

అలా అనుకున్న మనిషికి, మొదటిసారి తప్పిన కొత్తలో, మార్కమ్‌లో దీపావళి విందులో కోదండరామ్ తగిలాడు. అమెరికా మీదుగా వచ్చి సాఫ్ట్‌వేర్‌లో పెద్ద మేనేజరైనవాడు. తెలుగు సంఘంలో మైకు ఆయన చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళడం కష్టం. మంచివాడే, కానీ అడక్కుండానే సలహా చెప్పే మంచివాడు.

"ఈ వయసులో ఎందుకండీ ఝాన్సీగారూ ఈ పరీక్షల గోల? పీఎస్‌డబ్ల్యూకి ఇక్కడ మంచి డిమాండు. హాయిగా అదే చేసుకోక" అన్నాడు పులిహోర వడ్డించుకుంటూ.

"మీరు మేనేజరు కాకముందు ఎవరన్నా మిమ్మల్నిలాగే హాయిగా ఉండమంటే ఉండేవాళ్ళా?" అంది ఝాన్సీ.

అనంత్ మోచేత్తో పొడిచాడు. కోదండరామ్ గట్టిగా నవ్వేసి, "పేరుకి తగ్గట్టే ఉన్నారు" అని పక్క టేబుల్‌కి వెళ్ళిపోయాడు. ఆ విందులో ఆమె ఇంకేం తినలేదు.

రెండోసారి పరీక్షకి చదివించే బాధ్యత నీరజ తీసుకుంది. వరంగల్ పిల్ల, ముప్ఫై దాటలేదు, అదే పరీక్ష మొదటి దెబ్బకే పాసై ఒక ఆసుపత్రిలో చేస్తోంది. ఆదివారాలు కిప్లింగ్ మెట్రో స్టేషన్ దగ్గర ఆమె అపార్ట్‌మెంటులో కూర్చునేవాళ్ళు. మందులూ మోతాదులూ, ఆపరేషన్ అయినవాళ్ళకి ఏం చూడాలి, నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి దగ్గరికెళ్ళాలి, ఇవన్నీ ఝాన్సీకి కొట్టినపిండి. ఆమె బోల్తా పడేది వేరేచోట. మనుషులతో ఎలా మాట్లాడాలన్న ప్రశ్నల దగ్గర.

"ఇంగ్లీషు రాని పేషెంటు. డాక్టరు జబ్బు గురించి చెప్పాలి. పక్కనే పెద్ద కొడుకున్నడు, నేను అనువాదం చేస్త అంటున్నడు. నర్సు ఏం చెయ్యాలె?" అని చదివింది నీరజ.

"కొడుకుని చెప్పనిస్తుంది. అదీ ఒక ప్రశ్నేనా?" అంది ఝాన్సీ.

"తప్పక్కా. బయటి అనువాదకున్ని పిలిపియ్యాలె. ఫోన్ల ఉంటరు."

"కన్నకొడుకు పక్కన ఉండగా ముక్కూ మొహం తెలీనివాడిని ఫోనులో పిలవడమేంది? వాడికేం తెలుసు ఆవిడ గురించి?"

"ఏం తెల్వదు కాబట్టే. ఉన్నదున్నట్టు చెప్తడు. కొడుకైతే దాస్తడు."

"దాస్తే దాస్తాడు. ప్రేమ కొద్దీ దాస్తాడు. ఒంగోల్లో మేమందరం అదే చేశాం. పెద్దాయనకి క్యాన్సరని ఆయన మొహం మీద చెప్తారా ఎవరైనా? ఆ మాట విని మంచంలోంచి లేవకుండానే పోతే?"

"అక్కా," అంది నీరజ ఓపిగ్గా, "ఒంగోల్ల ఏం చేస్తరని వాడు అడుగుతలేడు. ఈడ నర్సు ఏం చెయ్యాలెనో అడుగుతున్నడు. నువ్వు ఒప్పుకుంటవో లేదో తర్వాత సంగతి, ముందైతే అది నొక్కు."

"మనసు ఒప్పుకోని జవాబు నేను నొక్కను" అని పుస్తకం మూసేసింది ఝాన్సీ. నీరజ టీ పెట్టడానికి లేచింది. ఇలాంటి ఆదివారాలు చాలా గడిచాయి. పాసవ్వాలని ఉంది, పరీక్ష చెప్పినట్టు వినాలని లేదు. ఇక ఎవరేం చేస్తారు?

ఆ రోజుల్లోనే ఆమె పనిచేసే కేంద్రానికి ఒక తెలుగు ముసలమ్మ వచ్చింది. పేరు రత్నకుమారి, తెనాలి మనిషి. తుంటి ఎముక విరిగి, మళ్ళీ సరిగ్గా నడవలేక, ఇంట్లో చూసుకునేవాళ్ళు పగలంతా ఉద్యోగాల్లో ఉండటంతో ఇక్కడ చేర్చారు. కొడుకెవరో కాదు, కోదండరామ్. వారం తిరిగేసరికి ఆవిడకి ఝాన్సీ అంటే ప్రాణం. ఆ అంతస్తు మొత్తంలో తెలుగు మాట్లాడే మనిషి ఈమె ఒక్కతే మరి. ఝాన్సీ ఆవిడని పిన్నిగారూ అని పిలిచేది. జడ వేస్తుంటే ఆవిడ తెనాలి కబుర్లన్నీ చెప్పేది. ఇక్కడి వంటవాళ్ళ ఉడకబెట్టిన కూరలు ఆవిడ నోటికి ఎక్కేవి కావు, మార్కమ్ నుంచి కోడలు పంపే డబ్బా కోసం ఎదురుచూసేది. అందులో ముద్దపప్పు ఉంటే ఆ పూట పండగే.

శీతాకాలం మొదట్లో ఆవిడకి కడుపునొప్పి మొదలైంది. పరీక్షలకి పంపారు. పేగులో గడ్డ అని తేలింది, మంచి గడ్డ కాదని కూడా తేలింది. డాక్టరు వచ్చి వివరాలు చెప్పినప్పుడు కోదండరామే తల్లికి తెలుగులో చెప్పాడు.

"గ్యాసంటమ్మా. మందులిస్తారు, తగ్గిపోతుంది" అన్నాడు.

దుప్పటి మారుస్తూ అక్కడే ఉన్న ఝాన్సీ విన్నది. బయటికొచ్చాక కోదండరామ్ ఆమెని పక్కకి పిలిచాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీకు తెలుసుగా ఝాన్సీగారూ, మనవాళ్ళకి ఇలాంటివి చెప్పకూడదు. అమ్మ తట్టుకోలేదు. మీరూ గ్యాసనే అనండి" అన్నాడు.

ఆ మనిషి మీద ఉన్న కోపమంతా ఆ క్షణాన పోయింది. సరేనంది. మన ఇళ్ళలో జబ్బు సంగతి పేషెంటుకి తప్ప అందరికీ తెలుస్తుంది, అదే మర్యాదని అందరూ అనుకుంటారు, ఝాన్సీ కూడా అలాగే అనుకుంది. ముసలమ్మ "ఏందే అమ్మాయ్, ఈ నొప్పి తగ్గి చావదు?" అని అడిగిన ప్రతిసారీ, "గ్యాసే పిన్నిగారూ, తగ్గుతుంది" అని చెప్పింది. ఆసుపత్రి భాషలో కాకుండా తెలుగులో చెప్పింది కాబట్టి ఆవిడ ఇంకా బాగా నమ్మింది.

నమ్మిన మనిషి ఊరుకుంటుందా? గ్యాసంటే తిండి వల్లేనని ముందు శనగపప్పు మానేసింది. తర్వాత బంగాళాదుంప, వంకాయ. చివరికి కందిపప్పు కూడా. డబ్బాలో ముద్దపప్పు కనిపిస్తే మూత పెట్టి పక్కకి జరిపేది. "నా నోరే నాకు శత్రువైంది, చిన్నప్పటినుంచీ పప్పు అంటే పడి చచ్చేదాన్ని, అనుభవిస్తున్నా" అనేది. చారూ అన్నమూ రెండు ముద్దలు తిని, నొప్పి వస్తే నిన్న ఏం తిన్నానా అని వెతుక్కునేది. ఝాన్సీ అదంతా చూస్తూనే ఉంది, అయినా మాట మార్చలేదు.

ఆదివారం నీరజ మళ్ళీ అదే ప్రశ్న వేసింది. ఝాన్సీ మళ్ళీ కొడుకునే నొక్కింది. ఈసారి మాత్రం వాదించలేదు. నీరజకి ఆశ్చర్యమేసి ఒంట్లో బాలేదా అని అడిగింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే డాక్టరు ముఖ్యమైన సంగతి మాట్లాడటానికి వచ్చాడు. కోదండరామ్ ఆఫీసు మీటింగు మధ్యలో లేచి వచ్చాడు. ఝాన్సీ ముసలమ్మని ఒత్తిగిలించి వీపు వెనక దిండ్లు సర్దుతోంది. గడ్డ పెరుగుతోందని డాక్టరు చెప్పాడు. పెద్దాసుపత్రికి పంపి ఆపరేషన్ చేయించొచ్చు, కానీ ఈ వయసులో, బలహీనమైన గుండెతో, ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. వద్దనుకుంటే ఇక్కడే ఉంచి, నొప్పి తెలియకుండా చూసుకుంటామన్నాడు. ఆమెకి ఏది కావాలో ఆమెనే అడగమన్నాడు.

కోదండరామ్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, గ్యాస్ ఎక్కువైందంట. ఆసుపత్రికి తీసుకెళ్ళి చిన్న ట్యూబు వేసి తీసేస్తారంట. సరేనా?"

"నువ్వు సరే అంటే సరేరా రామూ" అంది ఆవిడ.

ఒప్పుకుందని కోదండరామ్ డాక్టరుతో ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరు తలూపి, రాసుకోవడానికి కలం తీశాడు.

ఝాన్సీ చేతిలో దిండు అలాగే ఉండిపోయింది. జబ్బు పేరు దాచడం ఒకటి. బల్ల మీద చచ్చిపోవచ్చని తెలియని మనిషి చేత సరే అనిపించడం ఇంకొకటి. ఒంగోల్లో ఆపరేషన్ కాగితాల మీద ఎన్ని వేలిముద్రలు ఇలాగే పడి ఉంటాయోనని మొదటిసారి అనిపించింది. అసలు ఇలాంటప్పుడు గది బయటికెళ్ళి నర్సుకి చెప్పాలి. పీఎస్‌డబ్ల్యూ చెయ్యాల్సింది అదే, పుస్తకంలోనూ అదే ఉంది. అంత నిదానం ఝాన్సీకి పుట్టుకతోనే లేదు.

"డాక్టర్, షీ డిడ్ నాట్ అగ్రీ!" అని అరిచినంత పని చేసింది. "షీ డజ్ నాట్ నో వాట్ యూ ఆస్క్‌డ్!"

డాక్టరు కలం ఆగింది. కోదండరామ్ మొహం కందగడ్డయింది. ఝాన్సీని మీరు అని మన్నించడం అక్కడితో అయిపోయింది.

"నీ పని దుప్పట్లు మార్చడం. అది చూసుకో. మా అమ్మ సంగతి మాట్లాడటానికి నువ్వెవరు? నువ్వేమన్నా నర్సువా?"

"కాదు," అంది ఝాన్సీ. చూపు దించలేదు. "నర్సుని కాదు. కానీ నాకు తెలుగొచ్చు."

గొడవ విని ఆ అంతస్తు నర్సు మార్వా వచ్చింది. జమైకా నుంచి వచ్చిన మనిషి, పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉంది. ఎవరు ఏమన్నారో విని, ఎవరినీ ఏమీ అనకుండా, ఫోను అనువాదకుల నంబరు నొక్కి స్పీకరు పెట్టమని డాక్టరుకి అందించింది. అది ముందే తను చెయ్యాల్సిన పనని గుర్తొచ్చి డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"ఏందే అమ్మాయ్, ఎందుకరుచుకుంటున్నారు?" అంది ముసలమ్మ కంగారుగా.

జబ్బు పేరు ఝాన్సీ నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే తేలిపోతుంది. కానీ ఆ మాట చెప్పే హక్కు తనకి లేదని, చెబితే ఈ ఉద్యోగంతోపాటు రాబోయే లైసెన్సు కూడా నీళ్ళల్లో కలుస్తుందని తెలుసు. పళ్ళు బిగబట్టి, ఆవిడ పక్కన వంగి మెల్లగా అడిగింది.

"పిన్నిగారూ, డాక్టరుగారు మీ గురించి చెప్పేది ఫోనులో వేరే మనిషి తెలుగులో చెప్తుంది. మీకు వినాలని ఉందా? వద్దంటే వద్దు."

"నా కడుపు గురించేగా? నేను వినకపోతే ఇంకెవరు వింటారు?" అంది ఆవిడ.

ఫోనులో ఉత్తరాంధ్ర యాసతో ఒక ఆడమనిషి పలికింది. డాక్టరు చెప్పిందంతా ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట ఎక్కువ చేయకుండా చెప్పింది. గడ్డ అంది. క్యాన్సరంది. ఆపరేషనంది, అందులో ఉన్న ప్రమాదమంది. రత్నకుమారి కన్నార్పకుండా విన్నది. ఆవిడ కుప్పకూలిపోతుందని కోదండరామ్ మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"అయితే ఇది గ్యాస్ కాదన్నమాట."

"అమ్మా..."

"గ్యాస్ కానప్పుడు నాచేత పప్పెందుకు మానిపించావురా?"

కోదండరామ్ గోడకేసి తిరిగి ఏడ్చాడు. ముసలమ్మ ఝాన్సీ వైపు కూడా చూసింది. ఆ చూపులో ఉన్నది ఝాన్సీకి అర్థమైంది, నువ్వు కూడానా అని. ఆపరేషన్ వద్దని ఆవిడ ఫోనులోని మనిషికి తనే చెప్పింది. ఇక్కడే ఉంటానంది. రేపటినుంచి డబ్బాలో పప్పు పంపమని కోడలికి చెప్పమంది.

కోదండరామ్ కేంద్రానికి ఫిర్యాదు పంపాడు. పీఎస్‌డబ్ల్యూ తన పరిధి దాటిందనీ, పేషెంటు ముందు కేకలేసిందనీ, విందులో జరిగిన మాట మనసులో పెట్టుకుని కక్ష తీర్చుకుందనీ. విచారణ అయ్యేదాకా రావద్దని కేంద్రం మేనేజరు ఝాన్సీని ఇంటికి పంపింది. పరీక్ష ముంచుకొస్తున్న సమయం. నీరజ భయపడింది.

"ఉద్యోగంలకెళ్ళి తీసేసిన్రా అని లైసెన్సు ఇచ్చేటోళ్ళు అడుగుతరక్కా. పాసైనా ఆపి పెడితే ఏం జేస్తవ్?"

ఆ సాయంత్రం కోదండరామ్ అనంత్‌కి ఫోన్ చేశాడు. ఝాన్సీ ఒక్కసారి ఫోన్ చేసి సారీ చెబితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. అనంత్ ఆ మాట తెచ్చి వంటింట్లో పెట్టాడు.

"ఒక్క మాట ఝాన్సీ. ఎంతైనా మనకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దవాడు. సారీ అంటే పోయేదేముంది?"

"పోయేదే ఉందండీ."

"ఏం పోతుంది? ఇన్నేళ్ళు కష్టపడ్డావు. ఈ ఒక్క మాట దగ్గర మొత్తం పోగొట్టుకుంటావా?"

పైనుంచి విమానం కిందికి దిగుతూ ఇల్లంతా మోగించింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు. ఎటోబికోలో మొగుడూ పెళ్ళాల గొడవలు ఇలా ముక్కలు ముక్కలుగానే జరుగుతాయి.

"నేనేం తప్పు చేశానో నాకు తెలుసు," అంది ఝాన్సీ. "ఆ గదిలో అరవకూడదు. బయటికెళ్ళి మార్వాకి చెప్పాల్సింది. అది తప్పే. ఆవిడతో గ్యాసని అన్నాళ్ళు చెప్పడం ఇంకా పెద్ద తప్పు. ఈ రెంటికీ ఎవరి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా. ఆయన అడిగే సారీ వీటికి కాదు. వాళ్ళమ్మకి నిజం తెలిసినందుకు అడుగుతున్నాడు. దానికి చెప్పను. లైసెన్సు రాకపోతే రాకపోయింది, చచ్చేదాకా దుప్పట్లు మారుస్తా."

"డాడ్, వై షుడ్ షీ సే సారీ?" అంది ఫోనులోంచి తలెత్తకుండానే ఇషిత. "షీ వాజ్ రైట్."

అనంత్ తల్లీ కూతుళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, కూర తరగడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో అతను ఒప్పుకున్నాడని చెప్పడానికి అంతకంటే గుర్తు లేదు.

విచారణలో మేనేజరు, ఆఫీసు మనిషి ఇంకొకరు, మార్వా కూర్చున్నారు. ఝాన్సీ భర్తకి చెప్పిందే అక్కడా చెప్పింది, తన రెండు తప్పులతో సహా. గ్యాసని తనూ అబద్ధం చెప్పానన్నప్పుడు మేనేజరు తలెత్తి చూసింది. ఆ సంగతి ఫిర్యాదులో లేదు, ఎవరికీ తెలియదు, ఈమె చెప్పకపోతే తెలిసేదీ కాదు. నీరజ అయితే తల కొట్టుకునేది. చివర్లో మేనేజరు, ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పడానికి సిద్ధమేనా అని అడిగింది.

"పిన్నిగారికి చెప్తాను," అంది ఝాన్సీ. "కొడుక్కి చెప్పను."

నిర్ణయం తర్వాత తెలియజేస్తామన్నారు. అది తేలకముందే పరీక్ష రోజు వచ్చేసింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఝాన్సీ మామూలుగానే ప్రశ్నలతో పోట్లాడింది, పెదాలు కదులుతుంటే కాపలా మనిషి వచ్చి నోటి మీద వేలు పెట్టి చూపించి వెళ్ళాడు కూడా. కానీ ఈసారి ఒక తేడా ఉంది. పేషెంటుని వదిలేసి కొడుకునో కూతుర్నో డాక్టరునో ముందు అడగమనే జవాబు కనిపించినప్పుడల్లా ఆమెకి మూత పెట్టి పక్కకి జరిపిన పప్పు గిన్నె గుర్తొచ్చింది. నీరజ చెప్పిందని కాదు, పాసవ్వాలని కూడా కాదు, తన మనసే ఒప్పుకోక అలాంటి జవాబులన్నీ దాటేసింది. తెర ఉన్నట్టుండి నల్లబడి, అయిపోయిందని చెప్పేసరికి ఆమెకి అసలు ఎన్ని రాసిందో కూడా తెలియలేదు.

పాసైంది. నీరజ ఫోనులో గట్టిగా అరిచిన అరుపుకి అనంత్ స్నానాల గదిలోంచి సబ్బు నురగతోనే బయటికొచ్చాడు. ఆ వారమే కేంద్రం నిర్ణయం కూడా వచ్చింది. పేషెంటు ముందు గొంతు పెంచినందుకు, తెలిసీ అబద్ధం చెప్పినందుకు హెచ్చరిక, ఉద్యోగం మాత్రం ఉంటుంది. ఝాన్సీ హెచ్చరిక మీద సంతకం పెట్టింది. అది న్యాయమేననుకుంది. పనిలోకి వెళ్ళిన మొదటి రోజే ముసలమ్మ మంచం దగ్గర నిలబడి, "గ్యాసని చెప్పింది నేనూ అబద్ధమే పిన్నిగారూ, తప్పయింది" అంది. ఆవిడ కాసేపు మొహం తిప్పుకుని, తర్వాత జడ వేయమని తల ఇటు తిప్పింది.

లైసెన్సు చేతికొచ్చాక వేరేచోట చేరమని అందరూ చెప్పారు. ఇక్కడ కోదండరామ్ మొహం రోజూ చూడాలి, ఎందుకు ఈ తలనొప్పి అని. ఝాన్సీ పట్టుబట్టి అదే కేంద్రంలో, అదే అంతస్తులో ప్రాక్టికల్ నర్సుగా అడిగి వేయించుకుంది. తనని దుప్పట్లు మార్చుకోమన్న గదిలోకి మందుల బండి తోసుకుంటూ వెళ్ళాలని ఆమెకి ఎంత పంతంగా ఉందో చెప్పడం కష్టం. ఆ పంతం మంచిదా కాదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పటికి బయట మంచు కరిగి గడ్డి కనబడుతోంది. రత్నకుమారి చిక్కి సగమైంది. పప్పు మాత్రం రోజూ వస్తోంది, నాలుగు మెతుకులైనా అందులో కలుపుకునే తింటోంది. కోదండరామ్ రోజూ సాయంత్రం డబ్బా తెస్తున్నాడు. ఝాన్సీతో మాట్లాడడు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంటాడు.

ఒక సాయంత్రం మందు మింగించి నీళ్ళ గ్లాసు అందుకుంటుంటే ముసలమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

"అమ్మాయ్, నువ్విప్పుడు నర్సువేగా? మార్వా చేతులూపి చెప్పింది."

"అవును పిన్నిగారూ. నర్సునే." ఆ మాట నోటితో అని ఎన్నేళ్ళయిందో.

"అయితే ఒకటి అడుగుతా, దాచకుండా చెప్తావా? నాకింకెన్నాళ్ళుంది?"

ఝాన్సీ తలెత్తింది. గుమ్మంలో డబ్బా పట్టుకుని కోదండరామ్ నిలబడి ఉన్నాడు. తల్లికి కనిపించకుండా చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, చెప్పొద్దు అని. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. అన్నేళ్ళ అహంకారం ఆ మొహంలో ఎక్కడా లేదు, ఉన్నదల్లా భయం. అలాంటి చెయ్యి ఊపులకి ఒంగోల్లో ఎన్నిసార్లు తలూపిందో ఝాన్సీకి లెక్క తెలియదు. ఇప్పుడూ ఊపాలనిపించింది. జాలి వేసింది, నిజంగానే వేసింది.

మందుల బండికి బ్రేకు వేసింది. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది.

"అంతా చెప్పమంటారా, కొంత చెప్పమంటారా పిన్నిగారూ? మీరెంత అడిగితే అంతే చెప్తా."

"అంతా చెప్పు."

"ఇన్ని రోజులని లెక్క డాక్టరుగారికీ తెలియదు. కానీ ఎక్కువ లేదు. వేసవి చివరి దాకా ఉండకపోవచ్చు. నొప్పి మాత్రం రానివ్వం, అది నేను చూసుకుంటా."

రత్నకుమారి మెల్లగా తలూపింది. ఝాన్సీ చెయ్యి వదలకుండానే, తల కాస్త పక్కకి వంచి గుమ్మం వైపు చూసింది.

"అక్కడెందుకురా నిలబడ్డావు రామూ," అంది. "లోపలికి రా. నువ్వూ విను."